చూపుకు పదును ఎక్కడిది?

సైట్ వచ్చిందంటే ఫోన్‌ను తిడతాం. పిల్లలు అద్దాలు పెట్టుకుంటే అయ్యో అంటాం. అసలు మనిషి చూపు ఎంత పదునుగా ఉండాలో నిర్ణయించేది ఏమిటి? అందులో పుట్టుకతో వచ్చిందెంత, మన చేతుల్లో ఉన్నదెంత?

వైశాఖ మాసం. రాత్రి తొమ్మిదిన్నర దాటింది. ఫంక్షన్ హాల్ వెనక, జనరేటర్ మోతకు కాస్త దూరంగా, పంతులు గారు కొత్త దంపతుల్ని ఉత్తరం వైపు తిప్పి నిలబెట్టారు.

"అదిగోనమ్మా, సప్తర్షి మండలం. తోక మధ్యలో మెరుస్తున్నాడే, ఆయన వశిష్ఠుడు. ఆయన పక్కనే చిన్నగా ఉన్నది అరుంధతి. కనిపించిందా?"

"కనిపించిందండీ" అని పెళ్లికూతురు తలూపింది. నిజానికి ఆమెకు ఒక్క నక్షత్రమూ కనిపించలేదు. ఫొటోల కోసం సాయంత్రమే కళ్లజోడు తీసి వదినె చేతికిచ్చింది. మైనస్ నాలుగు పవరున్న ఆ కళ్లకు ఆకాశమంతా మసక. పెళ్లికొడుక్కి వశిష్ఠుడు దొరికాడు గానీ అరుంధతి దొరకలేదు. తనకూ సైట్ ఉందేమోనన్న అనుమానం అతనికి ఇంతవరకూ రాలేదు, పరీక్ష చేయించుకోనూ లేదు. వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న డెబ్బై రెండేళ్ల నాయనమ్మ మాత్రం చెయ్యెత్తింది. "అదిగోరా, ఆ పెద్దదాని పక్కనే, బొట్టంత!" నిరుడే రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ చేయించుకుందావిడ.

ఇలాంటి దృశ్యం ఈ రోజుల్లో ఏ పెళ్లిలోనైనా ఎదురయ్యేదే. పాతికేళ్ల కళ్లకు అందనిది డెబ్బై దాటిన కళ్లకు అందుతోంది. చూపు పదును వయసును బట్టే ఉంటుందన్న మన నమ్మకం ఇక్కడ పొసగడం లేదు.

నలుగురు కలిసిన చోట ఈమధ్య కళ్ల కబుర్లు రాకుండా ఉండటం లేదు. మూడో తరగతి పిల్లాడికే అద్దాలొచ్చాయని ఒక తల్లి దిగులు. ఏటికేడాదీ అమ్మాయి పవర్ పెరుగుతోందని ఒక తండ్రి బెంగ. తప్పు ఫోన్‌దని ఒకరు, వంశంలోనే ఉందని ఇంకొకరు, ఆకుకూరలు తినకపోవడమే కారణమని మరొకరు అంటారు. పూర్తి నిజం తెలియాలంటే, వెలుతురు కంట్లోకి దిగి మెదడుకు చేరే దారి వెంట మనమూ ఒకసారి నడవాలి. పదును పెరిగేదీ తరిగేదీ ఆ దారిలోనే.

రెండు చుక్కల మధ్య ఎడం

చూపు పదునంటే దూరంగా ఉన్నది కనిపించడమేనని అనుకుంటాం. కానీ దూరం మాటకొస్తే, ఊహకందని దూరంలో ఉన్న నక్షత్రాలు అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి. పదును తేలేది పక్కపక్కనే ఉన్న రెండు చుక్కలను రెండుగా గుర్తించే దగ్గర. దీన్ని వైద్యులు కోణంలో కొలుస్తారు. ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక్కోటి కోణ నిమిషం. దాన్ని మళ్లీ 60 భాగాలు చేస్తే కోణ సెకను.

అరుంధతికీ వశిష్ఠుడికీ మధ్య ఎడం దాదాపు 12 కోణ నిమిషాలు. పున్నమి చంద్రుడి వెడల్పులో మూడో వంతుకు కాస్త ఎక్కువ. ఆకాశం చీకటిగా ఉంటే ఆరోగ్యమైన కంటికి ఇదేమంత కష్టమైన పరీక్ష కాదు. అయితే వశిష్ఠుడు కూడా ఒక్కడు కాడు. 1617లో ఇటలీలో గెలీలియో, ఆయన శిష్యుడు బెనెడెట్టో కాస్టెలీ టెలిస్కోప్‌తో చూసినప్పుడు ఆ చుక్క రెండు నక్షత్రాలుగా విడిపోయింది. వాటి మధ్య ఎడం 14 కోణ సెకన్లే. ఎంతటి చూపున్న మనిషైనా ఉత్త కంటితో ఆ రెండింటినీ విడదీయలేడు.

అరుంధతిని విడిగా చూడటం సులువు, వశిష్ఠుణ్ని రెండుగా చూడటం అసాధ్యం. మనిషి కంటి హద్దు ఈ రెండింటి మధ్యన, ఒక కోణ నిమిషానికి అటూ ఇటూగా ఉంది. ఆరు మీటర్ల దూరంలో అది రెండు మిల్లీమీటర్లు కూడా లేని ఎడం. హద్దు అక్కడే ఎందుకు ఆగిందన్నదే అసలు ప్రశ్న.

[బాక్స్] 6/6 అంటే?
- కంటి డాక్టర్ గదిలో గోడకు వేలాడే అక్షరాల చార్టును 1862లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరానికి చెందిన వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ రూపొందించారు.
- మామూలు కన్ను 6 మీటర్ల నుంచి చదవగలిగే వరుసను మీరూ 6 మీటర్ల నుంచే చదివితే మీ చూపు 6/6. అమెరికాలో దీన్నే అడుగుల లెక్కన 20/20 అంటారు.
- 6/60 అంటే, మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చూడగలిగే అక్షరాన్ని చదవడానికి మీరు 6 మీటర్ల దగ్గరకు రావాలి.
- 6/6 వరుసలో అక్షరం ఎత్తు 9 మిల్లీమీటర్ల లోపే. అందులో ఒక్కో గీత మందం ఒక కోణ నిమిషం.
- 6/6 గరిష్ఠ హద్దు కాదు. ఆరోగ్యంగా ఉన్న యువతలో చాలామంది దాని కింది వరుసలు కూడా చదువుతారు.

మొదటి మజిలీ: కంటి ముందుభాగం

వెలుతురు మొదట తాకేది కార్నియాను. నల్లగుడ్డు మీద కనిపించీ కనిపించకుండా ఉండే పారదర్శకమైన పొర ఇది. కిరణాలను వంచి ఒక్కచోటికి చేర్చే పనిలో మూడింట రెండు వంతులు ఇదే చేస్తుంది. కంటి మొత్తం శక్తి దాదాపు 60 డయాప్టర్లయితే అందులో 43 వరకూ కార్నియావే. మిగతాది లోపలి కటకం చేస్తుంది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు ఉబ్బుతూ, దూరానికి చూసేటప్పుడు సాగుతూ కటకం సర్దుకుంటుంది.

వంచిన కిరణాలు సరిగ్గా వెనక ఉన్న రెటీనా అనే పొర మీద కలవాలి. దానికి కనుగుడ్డు పొడవు సరిపోవాలి. పెద్దవారిలో ఆ పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు పెరిగితే చాలు, రెండున్నర డయాప్టర్ల దాకా మైనస్ పవర్ వచ్చేస్తుంది. మైనస్ నాలుగు ఉన్న కనుగుడ్డు ఉండాల్సిన దానికన్నా పొడవు పెరిగింది ఒకటిన్నర మిల్లీమీటర్ల మేరకే. కానీ ఆ కంటికి పావు మీటరు అవతల ఉన్నదంతా మసకే. గుడ్డు పొట్టిదైతే ప్లస్ పవర్ వస్తుంది. కార్నియా వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోతే గీతలు సాగి, అక్షరాలకు నీడలు వస్తాయి. కళ్లజోడు చీటీలో 'సిలిండర్' అని రాసేది ఈ లోపాన్నే. దీన్ని 1801లో ఇంగ్లండ్‌లో శాస్త్రవేత్త థామస్ యంగ్ తన కంటిలోనే కనిపెట్టి వివరించారు.

కంటిపాప పరిమాణం పాత్ర కూడా తక్కువేం కాదు. పాప బాగా విచ్చుకుంటే కటకం అంచుల మీదుగా వచ్చే కిరణాలు చెదిరి బొమ్మ మసకబారుతుంది. మరీ ముడుచుకుంటే ఆ చిన్న రంధ్రంలోంచి దూరేటప్పుడు వెలుతురే వ్యాపిస్తుంది. రెండింటికీ మధ్య, రెండు నుంచి మూడు మిల్లీమీటర్ల దగ్గర చూపు అన్నిటికన్నా పదునుగా ఉంటుంది. సందెవేళ బండి నడుపుతుంటే బోర్డులు మసకగా అనిపించడానికి ఒక కారణం పాప విచ్చుకోవడమే.

బోర్డు కనిపించని పిల్లాడు కళ్లు చికిలించేది కూడా ఇందుకే. రెప్పలను సన్నగా చేసి, చెదిరే కిరణాలను అడ్డుకుంటున్నాడన్నమాట. కంటి పరీక్షలో చిన్న రంధ్రమున్న అట్టలోంచి చూడమనడంలోనూ ఇదే కిటుకు. ఆ రంధ్రంలోంచి చూస్తే అక్షరాలు తేటపడ్డాయంటే లోపం చాలావరకు అద్దాలతో సరిపోయేదే. చదువుకునే అద్దాలకు బదులంటూ 2024లో మన దేశంలో చర్చకు వచ్చిన చుక్కల మందు కూడా పాపను ముడిచే పని చేసేదే. ప్రచారం అనుమతి పరిధి దాటిందంటూ ఔషధ నియంత్రణ అధికారులు కొద్దిరోజుల్లోనే ఆ అనుమతిని నిలిపేశారు.

[బాక్స్] సముద్రం నేర్పిన చూపు
థాయ్‌లాండ్ తీరంలో సముద్రం మీదే బతికే మోకెన్ జాతి పిల్లలు నీళ్లలో మునిగి, అద్దాలేవీ లేకుండా గవ్వలు, నత్తలు ఏరుకొస్తారు. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు అన్నా గిస్లెన్ 2003లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం నీటి అడుగున వీళ్ల చూపు యూరప్ పిల్లల చూపుకన్నా రెండింతలు పదును. నీళ్లలోకి దిగగానే వీళ్లు పాపను రెండు మిల్లీమీటర్ల లోపుకు ముడిచి, కటకాన్ని పూర్తిగా ఉబ్బిస్తున్నారు. తర్వాత స్వీడన్ పిల్లల చేత కొన్ని వారాలు సాధన చేయిస్తే వాళ్లకూ ఆ విద్య అబ్బింది.

రెండో మజిలీ: ముగ్గు చుక్కలు

ఇంటిముందు ముగ్గు ఎంత సన్నగా రావాలన్నది చుక్కలు పెట్టేటప్పుడే తేలిపోతుంది. చుక్కలు దగ్గరదగ్గరగా పడితే సన్నని మెలికలు వస్తాయి, దూరంగా పడితే పెద్ద గీతలే వస్తాయి. రెటీనాలోనూ అంతే. వెలుతురును పట్టుకునే కణాలు ఎంత దగ్గరగా ఉంటే బొమ్మలో అంత సూక్ష్మం నిలుస్తుంది.

ఒక్కో కంటిలో దాదాపు 12 కోట్ల దండకణాలు, 60 లక్షల శంకుకణాలు ఉంటాయి. మసక చీకట్లో దారి చూపేవి దండకణాలు. పగటి చూపునూ, రంగులనూ, పదునునూ ఇచ్చేవి శంకుకణాలు. ఇవి రెటీనా అంతటా సమానంగా పరుచుకుని లేవు. మధ్యలో ఫోవియా అనే ఒకటిన్నర మిల్లీమీటర్ల గుంట ఉంది. దాని నడిబొడ్డున శంకుకణాలు చదరపు మిల్లీమీటరుకు దాదాపు రెండు లక్షల చొప్పున కిక్కిరిసి ఉంటాయి. అక్కడ దండకణాలు లేవు, రక్తనాళాలు కూడా పక్కకు తప్పుకున్నాయి. ఒక్కో శంకుకణం పంపే కబురు మెదడుకు విడిగా చేరే ఏర్పాటూ అక్కడే ఉంది. రెటీనా అంచుల్లో అయితే ఎన్నో కణాల కబుర్లు కలిసిపోయి ఒకే తీగ మీద వెళతాయి.

నడిబొడ్డున రెండు కణాల మధ్య ఎడాన్ని కోణంలోకి మారిస్తే అర నిమిషం. రెండు చుక్కలు వేరని తెలియాలంటే వాటి మధ్య కనీసం ఒక కణం ఖాళీగా మిగలాలి. అంటే ఒక కోణ నిమిషం! మన ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరికింది. పాప అత్యుత్తమ పరిమాణంలో ఉన్నప్పుడు వెలుతురు ఇవ్వగల పదునుకూ, ఈ కణాలు పట్టుకోగల పదునుకూ దాదాపు పొత్తు కుదిరింది. ఒకదాన్నే మెరుగుపరిస్తే పెద్దగా లాభం లేని చోట ప్రకృతి హద్దు గీసింది.

ఫోవియా నడిబొడ్డు చూసే జాగా ఎంతో తెలుసుకోవాలంటే చెయ్యి చాచి బొటనవేలి గోరును చూడండి. మన చూపులో నిజంగా పదునుగా ఉన్నది కాస్త అటూ ఇటూగా ఆ గోరంత జాగానే. పది డిగ్రీలు పక్కకు జరిగితే పదును దాదాపు ఐదో వంతుకు పడిపోతుంది. ఈ వాక్యం చదువుతుండగా పేజీ చివర ఏముందో మీరు చదవలేరు. అయినా లోకమంతా తేటగా ఉన్నట్టు అనిపిస్తోందంటే, కళ్లు సెకనుకు మూడుసార్ల వరకూ గెంతుతూ ఆ గోరంత జాగాను ఊరంతా తిప్పుతున్నాయన్నమాట. మధుమేహం వల్లనో వయసు వల్లనో ఫోవియా చుట్టూ వాపు వచ్చినప్పుడు ఎన్ని అద్దాలు మార్చినా అక్షరం తేటపడదు. షుగర్ ఉన్నవాళ్లు ఏటా రెటీనా పరీక్ష చేయించుకోవాలని డాక్టర్లు పోరు పెట్టేది అందుకే.

[బాక్స్] గద్ద కన్ను
- ఒక డిగ్రీ వెడల్పులో మనిషి కన్ను దాదాపు 60 జతల నలుపు తెలుపు గీతలను విడివిడిగా చూడగలదు. ఆస్ట్రేలియాలోని వెడ్జ్ టెయిల్డ్ ఈగిల్‌పై చేసిన పరీక్షల్లో అది 140 జతల దాకా చూసింది.
- ఆ పక్షి బరువు కొద్ది కిలోలే అయినా కళ్లు మన కళ్లకు దీటైన పరిమాణంలో ఉంటాయి. పైగా ఒక్కో కంటిలో రెండేసి ఫోవియాలు.
- చీకట్లో మనకన్నా బాగా చూసే పిల్లి, పగటి పదునులో మనకన్నా ఎన్నో రెట్లు వెనకబడి ఉంది.
- బాగా మసకగా ఉన్న నక్షత్రాన్ని నేరుగా చూస్తే మాయమవుతుంది, చూపు కాస్త పక్కకు జరిపితే మళ్లీ కనిపిస్తుంది. ఫోవియా మధ్యలో దండకణాలు లేకపోవడమే కారణం.

మూడో మజిలీ: మెదడు గడువు

పుట్టిన బిడ్డకు అమ్మ ముఖం కూడా మసకగానే కనిపిస్తుంది. అప్పటి చూపు పెద్దల కొలతలో 6/120 పరిసరాల్లో, ఒక్కోసారి అంతకన్నా తక్కువగా ఉంటుంది. ఫోవియాలో కణాలు ఇంకా పలచగా ఉంటాయి, నాలుగేళ్లు దాటేదాకా సర్దుకుంటూనే ఉంటాయి. అంతకన్నా ముఖ్యం, ఆ కబుర్లను చదవడం మెదడు నేర్చుకోవాలి. దానికి రెండు కళ్ల నుంచీ తేటైన బొమ్మలు అందుతూ ఉండాలి.

అందకపోతే ఏమవుతుందో శాస్త్రవేత్తలు డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్ పిల్లికూనల మీద చేసిన ప్రయోగాల్లో బయటపెట్టారు. తొలి వారాల్లో ఒక కన్ను మూసి ఉంచితే, తర్వాత తెరిచినా మెదడు ఆ కంటిని పట్టించుకోవడం మానేసింది. కంటిలో ఏ లోపమూ లేదు, దాని కోసం మెదడులో చోటే మిగల్లేదు. ఈ కృషికి 1981లో వాళ్లకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

మన ఇళ్లలో దీని పేరు లేజీ ఐ. మెల్లకన్ను ఉన్నా, ఒక కంటిలో పవర్ ఎక్కువగా ఉన్నా, పుట్టుశుక్లం ఉన్నా మెదడు బాగున్న కంటిమీదే ఆధారపడి రెండోదాన్ని వదిలేస్తుంది. బిడ్డకు ఆ సంగతి తెలియదు, ఒక కంటితో లోకం బాగానే కనిపిస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్లకూ తెలియదు. ఏడెనిమిదేళ్లలోపు గుర్తిస్తే అద్దాలిచ్చి, మంచి కంటికి రోజూ కొంతసేపు ప్యాచ్ వేసి, వెనకబడిన కంటి చేత పని చేయించి చూపును చాలావరకు రప్పించవచ్చు. ఆ వయసు దాటేకొద్దీ ఫలితం తగ్గిపోతుంది. మెల్లకన్ను అదృష్టమని మురిసిపోతూ పరీక్ష వాయిదా వేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ మురిపెం ఖరీదు బిడ్డ కన్ను.

గడువు దాటాక అంతా అయిపోయినట్టేనా? అమెరికాలోని ఎంఐటీలో పనిచేసే భారతీయ శాస్త్రవేత్త పవన్ సిన్హా చేపట్టిన 'ప్రాజెక్ట్ ప్రకాశ్' ఉత్తర భారతంలో పుట్టుశుక్లాలతో పెరిగిన పిల్లలకు ఆలస్యంగానైనా ఆపరేషన్లు చేయించింది. వాళ్లు ముఖాలను, వస్తువులను గుర్తించడం క్రమంగా నేర్చుకున్నారు. మెదడుకు మనం అనుకున్నదానికన్నా ఎక్కువ ఓపిక ఉందని తేలింది. అయితే సన్నని అక్షరాలు చదివే పదును మాత్రం తోటివారి స్థాయికి రాలేదు.

మెదడు శిక్షణ కుదిరితే అద్భుతాలు కూడా చేస్తుంది. తెగిన పోగును ముడివేసే నేతకారుడు, రెండు గీతలు ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూసే వడ్రంగి కొన్ని కోణ సెకన్ల తేడాను కూడా పసిగట్టగలరు. అది ఒక కణం వెడల్పుకన్నా తక్కువ. ఎన్నో కణాల కబుర్లను కలిపి మెదడు కట్టే లెక్క అది.

పొడవు పెరిగిపోతున్న కళ్లు

ఇక అందరినీ వేధిస్తున్న ప్రశ్న. ఇన్ని చిన్న ముఖాల మీదికి అద్దాలు ఎందుకొస్తున్నాయి?

తల్లిదండ్రులకు సైట్ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువే. కానీ జన్యువులు ఒకటి రెండు తరాల్లో మారిపోవు. అలాస్కాలోని బారో పట్టణంలో 1969లో జరిగిన అధ్యయనంలో, పాత పద్ధతుల్లో విడిగా పెరిగిన 131 మంది పెద్దల్లో ఇద్దరికే హ్రస్వదృష్టి, అంటే మైనస్ పవర్ ఉంది. వాళ్ల పిల్లల్లో, మనవల్లో సగానికి పైగా దాని బారినపడ్డారు. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 19 ఏళ్ల యువకులను పరీక్షిస్తే 96.5 శాతం మందికి మైనస్ పవర్ ఉన్నట్టు 2012లో వెల్లడైంది.

మరైతే పుస్తకాలదా తప్పు? 2008లో ప్రచురితమైన ఒక పోలిక ఈ చర్చను మలుపు తిప్పింది. చైనా మూలాలున్న ఆరేడేళ్ల పిల్లలను సిడ్నీలో, సింగపూర్‌లో పరీక్షించారు. సింగపూర్‌లో 29 శాతం మందికి హ్రస్వదృష్టి ఉంటే సిడ్నీలో 3.3 శాతం మందికే ఉంది. సిడ్నీ పిల్లలు చదివే పుస్తకాలు తక్కువేమీ కాదు. తేడా అంతా ఆరుబయటే ఉంది. సిడ్నీ పిల్లలు వారానికి 13 గంటలకు పైగా బయట గడుపుతుంటే సింగపూర్ పిల్లలకు దక్కింది మూడు గంటలే.

గదిలో వెలుతురు సాధారణంగా 500 లక్స్ దాటదు. బయట ఎండలో పదివేలు సులువుగా దాటుతుంది, చెట్టు నీడలోనూ గదికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ వెలుతురుకు రెటీనాలో విడుదలయ్యే డోపమైన్ అనే రసాయనం కనుగుడ్డు అతిగా సాగకుండా పట్టి ఉంచుతుందని పరిశోధకులు భావిస్తున్నారు. చైనాలోని గ్వాంగ్జౌలో 12 బడులను ఎంచుకుని, వాటిలో ఆరింట రోజూ 40 నిమిషాల ఆరుబయటి తరగతిని అదనంగా చేర్చి మూడేళ్లు గమనించారు. మామూలు బడుల్లో 39.5 శాతం మందికి కొత్తగా హ్రస్వదృష్టి వస్తే ఈ బడుల్లో 30.4 శాతం మందికి వచ్చింది. తైవాన్ 2010 నుంచే రోజుకు రెండు గంటలు బయట గడపాలన్న కార్యక్రమాన్ని బడుల్లో నడుపుతోంది.

మన దగ్గర ఈ శతాబ్దం మొదట్లో పరిస్థితి మెరుగ్గా ఉండేది. మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లలపై చేసిన అధ్యయనంలో హ్రస్వదృష్టి 4.1 శాతమే. ఢిల్లీ నగర పిల్లల్లో అది 7.4 శాతం. రెండూ 2002లో ప్రచురితమైనవే. పల్లెకూ పట్నానికీ ఉన్న ఆ తేడాలో మనకొక హెచ్చరిక ఉంది. ఇంటి ముందు వీధి లేని అపార్ట్‌మెంట్లు, మైదానం లేని కార్పొరేట్ బడులు, ఆరో తరగతి నుంచే ఐఐటీ కోచింగ్, చీకటి పడ్డాక ఇంటికి చేరే పిల్లలు. సియోల్, సింగపూర్ నడిచిన దారి ఇదే. పవర్ ఎక్కువైతే పెట్టుకునే అద్దం మందం ఒక్కటే కాదు సమస్య. సాగిన రెటీనా ఊడిపోయే ముప్పు, నీటికాసుల ముప్పు జీవితాంతం వెంట ఉంటాయి.

నలభై దాటాక

పిల్లల సంగతి సరే, పెద్దల చూపుకూ ఒక మలుపు ఉంది. నలభై దాటేసరికి కటకం బిరుసెక్కి ఉబ్బలేకపోతుంది. పేపరు దూరంగా జరుగుతుంది, సూదిలోకి దారం ఎక్కదు. ఇదే చత్వారం. ఇది రోగమేమీ కాదు, అందరికీ వచ్చేదే. కానీ చేతిపని మీద బతికేవారికి అది కూలీలో కోత.

అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది కూలీలతో జరిగిన పరిశోధన 2018లో వెలువడింది. సగం మందికి దగ్గరి చూపు అద్దాలు ముందే ఇచ్చారు, మిగతావారికి పరిశోధన ముగిశాక ఇచ్చారు. అద్దాలున్నవారు రోజూ కోసే ఆకు, లేనివారితో పోలిస్తే దాదాపు 22 శాతం అదనంగా పెరిగింది. యాభై దాటినవారిలో ఈ లాభం ఇంకా ఎక్కువ. పోచంపల్లిలో మగ్గం మీద కూర్చునేవారికీ, ఉప్పాడలో జాందానీ పువ్వు నేసేవారికీ, ఊరి టైలరుకూ, బియ్యంలో రాళ్లు ఏరే అమ్మకూ ఆ అద్దాలే చేతిపనిని మరో ఇరవై ఏళ్లు నిలబెడతాయి.

అరవై దాటాక కటకం మసకబారి శుక్లమవుతుంది. అప్పుడు దాన్ని తీసి, ఆ చోట మరో కటకం పెట్టాలి. 1949లో లండన్‌లో కంటి వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ తొలిసారి కంటిలోపల కృత్రిమ కటకం అమర్చారు. యుద్ధ విమానాల కాక్‌పిట్ ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకుని ఏళ్ల తరబడి ఉన్నా కన్ను వాటిని తిరస్కరించలేదని గమనించాక ఆయనకు తట్టిన ఆలోచన అది. తర్వాత మదురైలో 1992లో మొదలైన ఆరోల్యాబ్ సంస్థ ఆ కటకాలను సామాన్యుడికి అందే ధరకు దించింది.

మన నేల మీద

1996 నుంచి 2000 వరకూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు ప్రాంతాల్లో, పదివేల మందికి పైగా జనాన్ని పరీక్షిస్తూ పెద్ద కంటి అధ్యయనం జరిగింది. అంధత్వానికి గురైనవారిలో 44 శాతం మందికి శుక్లాలు, మరో 16 శాతం మందికి అద్దాలతో పోయే సైట్ లోపం కారణమని తేలింది. అంటే చీకట్లో మగ్గుతున్న ప్రతి పదిమందిలో ఆరుగురికి దారి చూపే చికిత్స అప్పటికే మన దగ్గరుంది.

ఆ అధ్యయనం చేపట్టిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1987లో హైదరాబాద్‌లో తలుపులు తెరిచింది. అమెరికా నుంచి తిరిగొచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు సంకల్పానికి సినీ దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుటుంబం అండ దొరికింది. ఊరి యువతకే శిక్షణ ఇచ్చి పల్లెల్లో విజన్ సెంటర్లు నడపడం ఆ సంస్థ తెచ్చిన పెద్ద మార్పు. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న మొదలుపెట్టిన కంటివెలుగు తొలి విడతలోనే కోటిన్నర మందికి పైగా పరీక్షలు జరిపింది. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లోనూ కంటివెలుగు పథకం బడిపిల్లలతో మొదలైంది. ఇవి ఒక్కసారి వచ్చిపోయే శిబిరాలుగా మిగలకూడదు. పిల్లల కళ్లు ఏటా పెరుగుతాయి, పరీక్ష కూడా ఏటా జరగాలి.

[బాక్స్] పిల్లల్లో ఈ గుర్తులుంటే ఆలస్యం వద్దు
- టీవీకి బాగా దగ్గరగా కూర్చోవడం, కళ్లు చికిలించి చూడటం
- తల ఒకవైపు వాల్చి, లేదా ఒక కన్ను మూసి చదవడం
- బోర్డు మీది లెక్కను పక్కవాడి పుస్తకంలోంచి ఎక్కించుకోవడం
- తరచూ కళ్లు నులుముకోవడం (ఇది కార్నియా ఆకారాన్నే దెబ్బతీయొచ్చు)
- ఒక కన్ను పక్కకు తిరగడం
- ఫొటోల్లోనో, వెలుతురులోనో పాప తెల్లగా మెరవడం. ఇది కనిపిస్తే ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి.

వదిలించుకోవాల్సిన నమ్మకాలు

అద్దాలు పెడితే పవర్ పెరిగిపోతుందన్నది మొదటి అపోహ. 2002లో మలేసియాలో పిల్లలకు కావాలని తక్కువ పవర్ అద్దాలిచ్చి చూస్తే, సరైన అద్దాలు పెట్టుకున్నవారికన్నా వాళ్లకే సైట్ వేగంగా పెరిగింది. క్యారెట్లు, మునగాకు తింటే అద్దాలు పోతాయన్నది రెండోది. విటమిన్ ఎ లోపిస్తే రేచీకటి వస్తుంది, కార్నియా కూడా పాడవుతుంది. కాబట్టి పిల్లలు వాటిని తినాల్సిందే. కానీ సాగిన కనుగుడ్డును ఏ కూరా తిరిగి పొట్టిచేయలేదు. ఆడపిల్లకు అద్దాలుంటే సంబంధాలు రావన్న మాట మూడోది, అన్నిటికన్నా క్రూరమైనది. దాని వల్ల ఎందరో అమ్మాయిలు సగం కనిపించే బోర్డుతో చదువు ముగించారు, సగం కనిపించే రోడ్డు మీద బండి నడుపుతున్నారు.

చూపు పదును మూడు చోట్ల తయారవుతుందని చూశాం. రెటీనాలో కణాల కూర్పు పుట్టుకతో వచ్చేది, దాన్ని మనం మార్చలేం. కంటి ముందుభాగంలో తప్పిన గురిని ఒక అద్దం సరిచేస్తుంది. మెదడు నేర్చుకునే పాఠానికి గడువుంది. ఈ మూడింటిలో రెండు మన చేతుల్లోనే ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నివేదిక ప్రకారం చూపు లోపమున్న 220 కోట్ల మందిలో కనీసం 100 కోట్ల మందిది నివారించగలిగినదో, ఇంకా సరిదిద్దనిదో. వాళ్లలో మన క్లాసులో మొద్దు అనిపించుకున్న పిల్లాడూ ఉన్నాడు, మగ్గం దిగిపోయిన నేతన్నా ఉన్నాడు.

చేయాల్సింది కొండంత కాదు. రోజుకు రెండు గంటలు పిల్లలను వెలుతురులోకి వదలాలి, ఆ రెండు గంటలను ట్యూషన్‌కు తాకట్టు పెట్టకూడదు. నలభై దాటిన ప్రతి ఒక్కరూ దగ్గరి చూపు పరీక్ష చేయించుకోవాలి. అన్నిటికన్నా ముందు, పసికళ్లకు గడువు దాటకముందే రెండు కళ్లనూ విడివిడిగా పరీక్షించాలి. బడిలో చేర్చేటప్పుడు పుట్టినతేదీ పత్రం అడుగుతున్నాం. దాని పక్కనే కంటి పరీక్ష చీటీని కూడా ప్రతి బడీ అడగాలి, ప్రతి ప్రభుత్వమూ ఉచితంగా ఇవ్వాలి.